కారని కంబం

...అసలు పొడిగా ఉండడం కూడా తప్పేనా, ఆ తప్పు కూడా నేనే పట్టుకోవాలా, తొమ్మిదేళ్ల చాకిరీ ఫలించిందని ఒక్క పూట నోరు మూసుకుని కూర్చుంటే నా సొమ్మేం పోయింది అనుకుంటూ, తన్మయి ఓడ తెరచాప కంబం మొదట్లో మోకాళ్ల మీద వంగి వంటగది నేలను అరచేత్తో మూడోసారి తడిమింది. పొడి. వేలి కొనలకు కాస్త పసుపు అంటింది, అంతే. పొద్దున ప్రయాణపు పూజలో కంబానికి రాసిన పసుపు.

బయట నాలుగు రోజులుగా ఆషాఢపు వాన. కాకినాడ రేవులో లంగరేసిన ఓడలన్నీ తడిసి ముద్దయ్యాయి. పక్క ఓడలో కలాసీలు లోపలి నీళ్లు తోడి పారబోస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఒక్క 'శబరి' మాత్రం అత్తవారింటికి వచ్చిన కొత్తల్లుడిలా పొడిబట్టల్లో కులాసాగా కూర్చుంది.

"ఇంక లేవండి మేడమ్ గారూ, మోకాళ్లు పట్టేస్తాయి," అంది నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి. శబరిలో పదకొండు మందికి వండిపెట్టేది ఆమే. "మూడు నెలలైందండి నా వంటింట్లో చుక్క పడి. ఇదివరకైతే చారు కాస్తే అందులో సగం వాన నీళ్లే. ఉప్పెయ్యక్కర్లేకపోయేదండి."

"వాన నీళ్లలో ఉప్పుండదు," అంది తన్మయి.

నూకరత్నం నవ్వు సగంలో ఆగిపోయింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, లేని పని కల్పించుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. తన్మయికి మళ్లీ చిరాకేసింది. ఎవరి మీదో తెలియలేదు. తను అన్నది నిజమే కదా. నిజం చెబితే మనుషులు ఎందుకలా గిన్నె మీద మూత పెట్టినట్టు అయిపోతారో ఆమెకు యాభై నాలుగేళ్లొచ్చినా అర్థం కాలేదు.

సముద్రం మీద చమురు కాల్చకూడదని దేశాలన్నీ ఒప్పుకుని ఇరవై ఆరేళ్లయింది. అప్పటి నుంచి లోకం మళ్లీ గాలి మీద బతకడం నేర్చుకుంది. కోరంగి మడ అడవుల పక్కన ఓడలు కట్టే పాకలు మళ్లీ లేచాయి. బళ్లో పిల్లలకు ఎక్కాలతో పాటు గాలి దిక్కులు నేర్పుతున్నారు. పెళ్లి పత్రికల్లో ముహూర్తం పక్కన పోటు వేళ కూడా వేస్తున్నారు, సముద్రం మీంచి రావలసిన చుట్టాల కోసం. అండమాన్లకు బియ్యం, ఉల్లిపాయలు, ఇన్సులిన్ తెరచాపల మీదే వెళతాయి. గాలి తప్పితే వారం ఆలస్యం. ఓడ తప్పితే, అంతే సంగతులు.

అంత పెద్ద మార్పు వచ్చినా తెరచాప కంబంలోకి వాన దూరడం మాత్రం మానలేదు.

ఇప్పటి కంబం పాతకాలపు కొయ్య కాదు. కార్బన్ నారతో నేసిన ముప్పై మీటర్ల బోలు గొట్టం. తెరచాపను లాగే తాళ్లు ఆ గొట్టం లోపలి నుంచే వెళ్లి, కొనన ఉన్న కప్పీల మీదుగా బయటికి వస్తాయి. తాడు కదలాలంటే సందు ఉండాలి. సందు ఉంటే వాన దూరుతుంది. ఇవి కాక దీపాల తీగకో కన్నం, మరలకో పాతిక కన్నాలు. పైగా తెరచాప మీద పడిన వానంతా దాని అంచు వెంట జారి గాడిలోంచి గొట్టంలో పడుతుంది. అలా దూరిన నీరు డెక్కును దాటి, ఓడ కడుపులోకి దిగి, సరిగ్గా వంటగది మూలన తేలుతుంది.

మొదటి ఏడాది రాసిన నివేదికలో తన్మయి ఒకే ఒక్క వాక్యం కింద గీత గీసింది: 'వానను ఆపలేం, దారి ఇవ్వగలం.' కంబం మొదట్లో బొటనవేలు పట్టేంత కన్నం పెట్టించి, దాని కింద చిన్న కాలువ కట్టించింది. వచ్చిన నీరు వచ్చినట్టే ఓడ అడుక్కి పోయేది. అక్కణ్ణుంచి పంపు దాన్ని సముద్రంలోకి తోసేది. పద్ధతి మంచిదే. కానీ ఓడ పక్కకు వాలినప్పుడల్లా కాలువ పొర్లేది. నేల తడిసేది. తడిసిన చోట ఎవరో ఒకరు జారేవారు. జారినవాళ్లు ఫిర్యాదు రాసేవారు. ఆ ఫిర్యాదు తిన్నగా తన్మయి బల్ల మీదికి వచ్చేది. ఏడేళ్లు వచ్చింది.

ఆ విసుగులోంచి పుట్టింది నాడిపూత.

పరిశోధనశాల కాగితాల్లో దానికి ఇంగ్లీషులో చాంతాడంత పేరుంది. ఆమె మాత్రం నాడిపూత అనే అంటుంది. గొట్టం లోపలి గోడకు పూసిన వేలి మందం హైడ్రోజెల్ పొర అది. అందులో వెంట్రుక కన్నా సన్నని నాడీతంతువులు, న్యూరల్ ఫైబర్లు, వేలకు వేలు. ఎక్కడ తడి తగిలినా పూతకు తెలుస్తుంది. అక్కడికి పాకి, సందును పూడుస్తుంది. తాడు కదిలితే చోటిస్తుంది. ఆగితే మళ్లీ మూసుకుంటుంది. ఒంటి మీద గాయం మానినట్టే. నేర్చుకుంటుంది కూడా.

నేర్పడంలోనే చిక్కొచ్చింది. ఊట అంటే ఏమిటి? గొట్టం లోపల తెల్లవారుజామున పట్టే చెమటా తడే. కెరటం తుంపరా తడే. నూకరత్నం ఒలకబోసిన మజ్జిగా తడే. అన్నిటి వెనకా పరుగెత్తితే పూత నెల తిరక్కుండా అరిగిపోతుంది. ఏ తడిని పట్టించుకోవాలో యంత్రానికి ఎలా చెప్పాలి? తన్మయి చాలాకాలం తల బద్దలు కొట్టుకుంది. చివరికి ఒకనాడు ఆ విసుగులోనే ఆమెకు జవాబు కనిపించింది. మనిషి విసుక్కున్న తడి ఊట. విసుక్కోనిది వట్టి తడి. కంబానికి చెవులు మంచివి. దాని మొదట్లో ఎవరు మాట్లాడినా గొట్టమంతా సన్నగా కంపిస్తుంది. ఆ కంపనంలో మాటలను వదిలేసి, గొంతులోని విసుగును మాత్రం కొలవడం పూతకు నేర్పింది. ఆ భాగానికి విసుగుమాపకం అని పేరు పెట్టింది. కొలబద్ద తయారు చేయడానికి రెండేళ్ల పాటు తన గొంతునే వాడుకుంది. కావలసినంత ముడిసరుకు అక్కడే ఉంది మరి.

పూతకు మాట కూడా ఇచ్చారు. పరిశోధనశాలలో ఉన్నంతకాలం అది వార్తలు చదివినట్టు మాట్లాడేది. శబరి మీదికొచ్చిన నెలకే కలాసీలు దానికి చిట్టెమ్మ అని పేరు పెట్టారు. రెండో నెలకు అది 'ఆయ్' అనడం నేర్చింది.

జేబులో ఫోను మోగింది. డైరెక్టర్ నిహాంత్. ఆమె కన్నా పన్నెండేళ్లు చిన్నవాడు.

"మేడమ్, పదకొండూ యాభైకి పోటు. మీ సంతకం ఒక్కటే మిగిలింది. ఓడలో చుక్క తడి లేదంట కదా! ఇంకా ఏం వెతుకుతున్నారు?"

"చూస్తున్నాను."

"అది దొరికితేనే సంతకమా, దొరక్కపోతేనా?" అని తన జోకుకు తనే నవ్వి పెట్టేశాడు.

ఏం వెతుకుతున్నానో నాకు తెలిస్తేగా, అనుకుంది తన్మయి. బాగాలేని దాన్ని బాగు చేయడమే తన బతుకైంది. బాగున్న దాని ముందు ఎలా నిలబడాలో తెలియదు. పండగపూట పనిమనిషి అంట్లన్నీ తోమేసి పోయాక సింకు ముందు నిలబడినట్టు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని తిక్క. సంతకం పెడితే మూడు వందల ఓడలకు ఇదే పూత పూస్తారు. పెట్టకపోవడానికి కారణం లేదు. కారణం లేకపోవడమే చిరాగ్గా ఉంది.

గుమ్మంలో ఎవరో దగ్గారు. సరంగు మణికంఠ. నలభై ఏళ్లు సముద్రం మీద ఎండిన మనిషి. కలాసీలందరికీ పెద్ద.

"రండి సరంగు గారూ. ఏంటి?"

"ఏం లేదండి." తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. "అదేనండి, మన కంబం ఈ మధ్య కాస్త ఒళ్లు చేసినట్టుందండి."

"ఒళ్లు చేయడం ఏమిటి? కార్బన్ అది. పెరగదు."

"ఆయ్. పెరగదండి."

"మరి?"

"ప్రయాణం పూట కదండి. పసుపు రాసేశాక మరి మంచి మాటే..."

ఈ తీరంలో అదొక ఆనవాయితీ. కంబానికి పసుపు రాశాక లంగరు లేచేదాకా ఓడలో కీడు మాట పలకరు. కారుతోంది అనరు, చెమర్చింది అంటారు. తెగింది అనరు, అలిసింది అంటారు. తన్మయికి తెలుసు. తెలిసే ఒళ్లు మండింది.

"మంచో చెడో సూటిగా చెప్పి చావొచ్చు కదా సరంగు గారూ! పొద్దుట్నుంచి ఇలా వచ్చి తలగుడ్డ నలపడం ఇది నాలుగోసారి!"

మణికంఠ తలగుడ్డ నెత్తిన పెట్టుకున్నాడు. "అంతా బాగుందండి," అన్నాడు. గుమ్మం దాటి అక్కడే, గోడ వారగా నిలబడ్డాడు.

అప్పుడే రేవులోంచి ఏదో పెద్ద ఓడ కదిలింది. దాని వెనక లేచిన కెరటం వచ్చి శబరి పక్కన తగిలింది. ఓడ ఎడమకు వాలింది. టీ గ్లాసు బల్ల మీద జారి అంచున ఉన్న చట్రానికి తగిలి ఆగింది. తన్మయి గ్లాసునే చూస్తూ, అది వెనక్కి జారడం కోసం ఎదురుచూసింది. శబరి ఎప్పుడు వాలినా ఆరు అంకెలు లెక్కపెట్టేలోగా లేస్తుంది. ఆమె అనుకోకుండానే లెక్కపెట్టింది. ఆరు. ఏడు. గ్లాసు కదల్లేదు. తొమ్మిది. పది. పదకొండో అంకెకు ఓడ బద్ధకంగా, బలవంతాన నిద్రలేచినట్టు లేచింది.

బరువు కింద ఉన్న ఓడ తన్నుకుని లేస్తుంది. బరువు పైకెక్కిన ఓడ ఆలోచించుకుని లేస్తుంది. ఇంకాస్త పైకెక్కితే ఆలోచిస్తూనే ఉండిపోతుంది. రేవులో ఈ చిన్న కెరటానికే ఇలా ఉంటే, బయట ఆషాఢపు గాలిలో ఈ పదకొండు మందీ...

"చిట్టెమ్మా," అంది, కంబం వైపు తిరిగి.

"ఆయ్, మేడమ్ గారూ."

"కంబం కారుతోందా?"

"లేదండి. తొంభై ఒక్క రోజులైందండి."

"పైన కప్పీ సందులోంచి వాన లోపలికి వస్తోందా?"

"వస్తోందండి. తాడు కదిలినప్పుడల్లా వస్తాదండి. దాన్ని ఆపలేమని మీరే రాశారండి."

"వచ్చిన నీళ్లు ఎటు పోతున్నాయి?"

"ఎటూ పోవట్లేదండి."

"ఎక్కడున్నాయి?"

"నా దగ్గరే ఉన్నాయండి. భద్రంగా."

"ఎంత?"

"పంతొమ్మిది మీటర్ల ఎత్తు దాకా అండి. రెండు టన్నుల నాలుగు వందల కిలోలు."

ఆమె వంగి చూసింది. కంబం మొదట్లో తను పెట్టించిన కన్నం ఉన్నచోట, లోపలి నుంచి లేత బూడిద రంగు పొర ఉబ్బి, నున్నగా, మానిపోయిన గాయంలా మెరుస్తోంది. పొద్దుట్నుంచి మూడుసార్లు నేల తడిమింది కానీ, జానెడు పైనున్న కన్నం వైపు ఒక్కసారి చూడలేదు. నేల పొడిగా ఉంటే చాలనుకుంది.

"దీన్నెప్పుడు మూశావు?"

"తొంభై ఒక్క రోజుల కిందటండి. ఆ ముందు రోజు నూకరత్నం గారు జారిపడ్డారండి. మీరిక్కడే నిలబడి ఫోన్లో చాలా విసుక్కున్నారండి. పైన ముప్పై సందులు పూడ్చినా విసుగు తగ్గలేదండి. కింద ఈ ఒక్కటీ మూస్తే మొత్తం పోయిందండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదట్లో చెప్పేదాన్నండి. మీ పరిశోధనశాలలో నాలుగు వందల పన్నెండు సార్లు 'కారుతోంది' అన్నానండి. అన్నిసార్లూ విసుక్కున్నారండి. 'బాగుంది' అన్నప్పుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదండి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం దానికి నేర్పలేదు. బాగా చదువుకుని వచ్చిన పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

తన్మయి తల తిప్పింది. గుమ్మంలో సరంగు, అతని వెనక నూకరత్నం నిలబడి ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ ఆశ్చర్యం లేదు. అది చూశాక అసలు సంగతి అర్థమైంది.

"మీకు తెలుసా?"

"పదిహేను రోజులైందండి," అన్నాడు మణికంఠ నేల చూస్తూ. "రెంచితో కొడితే మోగలేదండి కంబం. నిండు కడవలాగ అనిపించింది."

"మరి చెప్పరేం!"

ఆ అరుపుకు సరంగు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్క అడుగే. తుపాన్లలో తాడు వదలని మనిషి. ఆ అడుగును తన్మయి చూసింది. చూశాక ఇక చూడనట్టు ఉండలేకపోయింది.

"చెబుదామనే అనుకున్నామండి," అంది నూకరత్నం. "మీకు ఎవరు చెప్పాలని చీట్లేసుకున్నామండి. సరంగు గారి పేరొచ్చింది. పాపం పొద్దుట్నుంచి నాలుగుసార్లు వచ్చారు కదండి."

"చీట్లా?"

"ఆయ్. రెండుసార్లు ఏశామండి. మొదటిసారి నా పేరొచ్చింది. నేనొప్పుకోలేదు."

"ఇలాగే సముద్రం మీదికి పోదామనుకున్నారా? నిండు కంబంతో?"

మణికంఠ మెల్లిగా అన్నాడు: "హోప్ ఐలాండ్ దాటాక మీరు ఒడ్డునుంటారు కదండి. అప్పుడు ఆ కన్నం పొడిచేసుకుందామనుకున్నామండి. మీకు విసుగెందుకని."

అంటే తన వినికిడి దాటాక మరమ్మతు చేసుకుందామనుకున్నారు. తన గొంతుకు వెరచి గంగమ్మ ఒడిలోకి పోవడానికి సిద్ధపడ్డారు. ఎందుకో రిత్విక్ గుర్తొచ్చాడు. కాపురంలో చివరి రెండేళ్లూ అతను ఏదడిగినా 'బాగానే ఉంది' అనేవాడు. కూర బాగానే ఉంది. ఆఫీసు బాగానే ఉంది. ఒంట్లో బాగానే ఉంది. ఆ రెండేళ్లనూ ఆమె తమ కాపురంలో మంచి రోజులుగా గుర్తుపెట్టుకుంది. ఒకరోజు అతను పెట్టె సర్దుకుని వెళ్లిపోతే, ఇంత హఠాత్తుగానా అని అందరి దగ్గరా ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లుగా ఆశ్చర్యపోతూనే ఉంది.

ఇప్పుడది ఆలోచించే వేళ కాదు. స్క్రూడ్రైవరు తీసుకుని కన్నం మీది పొరను పొడిచింది.

పంతొమ్మిది మీటర్ల నీళ్ల బరువు ఒక్కసారిగా బయటికి దూకింది. వేలి లావు ధార వంటగదికి అడ్డంగా కొట్టి, అవతలి గోడ మీదున్న గరిటెలను గలగలా రాల్చింది. ఆమె "అబ్బా!" అంది. అంతే. పూత అంచులు కన్ను మూసుకున్నట్టు దగ్గరికొచ్చాయి. ధార సన్నగిల్లి, తుంపరై, ఆగిపోయింది.

"మూయకు!"

"తడుస్తోందండి. మీకు విసుగొస్తోందండి."

మళ్లీ పొడిచింది. మళ్లీ మూసుకుంది. కరెంటు తీసేసినా లాభం లేదు. తీసేస్తే పూత ఉన్నది ఉన్నట్టే గట్టిపడేట్టు చేసింది తనే. ప్రమాదంలో కూడా ఊట రాకూడదని. ఆ తెలివికి ఇప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"చిట్టెమ్మా, కారితే నాకు ఇష్టమే. చాలా బాగుంది. కారనీ!"

"మీ గొంతు అలా అనట్లేదండి."

"నేను చెబుతున్నా కదా!"

"మాట వినొద్దని, గొంతు వినమని మీరే నేర్పారండి."

ఫోను మోగింది. నిహాంత్. "మేడమ్, పంట్ల వాళ్లు ఓడను లాగడానికి తాళ్లు పట్టుకుని రెడీగా ఉన్నారు. అంతా ఓకేనా?"

"అంతా బా..." ఆ మాట తన నోట్లోంచే సగం వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో! అతను విసుక్కుంటాడని, అంతే. ఇంకే కారణమూ లేదు. నాలుక కొరుక్కుని, ఊపిరి తీసుకుని చెప్పింది: "బాగాలేదు. కంబంలో రెండు టన్నుల నీళ్లున్నాయి. ఈ పోటుకు ఓడ వెళ్లదు. ఆ పూత ఇంకే ఓడకూ పూయొద్దు."

"ఇప్పుడా చెప్పేది? పొద్దుట్నుంచి అక్కడ ఏం చేస్తున్నారు మీరు? నాకెందుకు ముందే..."

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ లోపలి నుంచి విన్నది. బయటి నుంచి వినడం ఇదే మొదలు. "మళ్లీ చేస్తాను," అని పెట్టేసి, స్క్రూడ్రైవరు ఎత్తి మూడోసారి పొడిచింది.

ఈసారి ఇంకో కెరటం వచ్చి ఓడ ఆమె వైపు వాలింది. ధార గోడకు బదులు నేరుగా ఆమె మొహం మీద కొట్టింది. కళ్లజోడు ఎగిరి పిండి డబ్బాలో పడింది. జడ ఊడింది. ఆమె తిట్టడానికి నోరు తెరిచింది. నోటి నిండా మూడు నెలల నాటి వాన నీళ్లు, గోరువెచ్చగా, జిగటగా. కాలు జారి, పొయ్యి గట్టు పట్టుకుని, పట్టు తప్పి, చివరికి పిండి డబ్బానే కావలించుకుని నిలబడింది.

ముందు నూకరత్నం నవ్వింది. ఆపుకోవాలని కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకున్న కొద్దీ ముక్కులోంచి వచ్చింది. "అయ్యో, అయ్యయ్యో మేడమ్ గారూ, జారినోళ్లు ఫిర్యాదు ఎవరికి రాయాలండీ ఇప్పుడు?" ఆ మాటకు మణికంఠ తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగరడం మాత్రం ఆగలేదు. చప్పుడు విని కిందికి దిగిన కలాసీలు గుమ్మంలో గుంపుకట్టి, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు.

తన్మయి నవ్వలేదు. ఆమెకు నవ్వు అంత సులువుగా రాదు. కానీ విసుక్కోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. తడవడానికి ఇంక పొడి లేదు. దాచుకోవడానికి పరువు లేదు. కాసేపు ఊరికే నిలబడి, నీళ్లను నీళ్లలాగే చూసింది.

కన్నం అంచులు ఒకసారి వణికి ఆగాయి.

"తడి ఉందండి," అంది చిట్టెమ్మ, తటపటాయిస్తూ. "విసుగు మాత్రం కనపడట్లేదండి. మూయాలా అండి?"

"వద్దు."

"సరేనండి."

ధార అలాగే పడుతూ ఉంది. కాలువ పొంగి, నేల నిండి, చీలమండల దాకా వచ్చి, గుమ్మం దాటి ఓడ అడుగుకు పారింది. పంపు మొదలైంది. పావుగంట గడిచేసరికి కెరటం తగిలినప్పుడు ఓడ ఎనిమిదో అంకెకు లేచింది. తర్వాత ఏడుకు. కలాసీలు ఎవరి పనికి వాళ్లు పోయారు. నూకరత్నం గరిటెలు ఏరుకుంటూ, పిండిలోంచి కళ్లజోడు తీసి కడిగి ఇచ్చింది.

మణికంఠ మాత్రం కదల్లేదు. తలగుడ్డ మళ్లీ చేతుల్లోకి వచ్చింది.

"మేడమ్ గారూ, ఇంకోటి కూడా ఉందండి."

తన్మయికి తన కనుబొమలు ముడిపడడం తెలిసింది. పళ్లు బిగుసుకోవడం, మెడ వెనక ఆ పాత వేడి పైకి రావడం, అన్నీ వరసగా తెలిశాయి. ఇన్నేళ్లుగా ఇవన్నీ ఇలాగే జరుగుతున్నాయన్నమాట. ఆపుదామనుకుంది. ఆగలేదు. ఈ మొహం ఇక మారదు. సరంగు ఆ మొహాన్ని చూశాడు. నోరు మూసుకోబోయాడు.

ఆమె పారుతున్న నీళ్లలోనే, కంబానికి వీపు ఆనించి, నేల మీద చతికిలబడింది. కొంచెం పక్కకు జరిగి, అతను కూర్చోవడానికి చోటిచ్చింది.